చిన్నగా పెడితే మారిపోయే గొంతు

నాచారం పారిశ్రామికవాడలో మా షెడ్డుకి ఎడమ పక్కన ప్లాస్టిక్ డబ్బాలు పోత పోసేవాళ్లు, కుడి పక్కన బోల్టులు చేసేవాళ్లు. ఎడమ పక్కది పొద్దంతా గుర్రుమనేది, కుడి పక్కది దడదడలాడేది. ఆ రెండింటి మధ్య కూర్చుని నేను ఆంప్లిఫైయర్లకి గొంతు సరిచేసేదాన్ని. ఈ మాట చెబితే ఇప్పటికీ నవ్వుతారు. నవ్వండి. ఆ పనిలో నన్ను మించిన చెవి ఉప్పల్ నుంచి కాప్రా దాకా లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకానికి ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

భువనగిరి దగ్గర పల్లె నుంచి పెళ్లయి నాచారం వచ్చాను. మొదట్లో ఆ షెడ్డులో టంకం పెట్టే పనికి చేరాను. ఐదారుగురు ఆడవాళ్లం వరసగా కూర్చుని పొగలో కళ్లు నులుముకుంటూ ముక్కలు అతికించేవాళ్లం. షెడ్డు యజమానిని మేమంతా సారు అనేవాళ్లం. గోదావరి వైపు మనిషి. ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి, ముందే ఉద్యోగం మానేసి, బ్యాండు మేళాలకీ గుడి మైకులకీ ఇళ్లకీ ఆంప్లిఫైయర్లు చేసి అమ్మేవాడు. ఒకరోజు తయారైన పెట్టెలో పాట పెట్టి చూస్తుంటే, నేను తల ఎత్తకుండానే, "సార్, కుడి పక్క స్పీకరుకి గొంతు జీరపోయింది" అన్నాను. ఆయన విప్పి చూశాడు. లోపల ఒక తీగ సగమే అతుక్కుని ఉంది. మర్నాటి నుంచి నన్ను చివరి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. వరసలో ఉన్నవాళ్లు నన్ను 'చెవి మేడం' అని వెక్కిరించేవాళ్లు. నాకు లోలోపల బాగానే ఉండేది.

చివరి బల్ల పని ఏమిటంటే, పెట్టె బయటికి పోయే ముందు దాని స్వరం మనిషి చెవికి తగ్గట్టు సరిచేయడం. సారు నేర్పిన మొదటి పాఠం ఇప్పటికీ మాటకి మాట గుర్తుంది. "మనిషి చెవి ఉన్నదున్నట్టు వినదమ్మా. గట్టిగా పెడితే అన్నీ వింటుంది. చిన్నగా పెట్టావనుకో, ముందు కింది స్వరాలు చచ్చిపోతాయి. సన్నాయి ఉంటుంది, డోలు ఉండదు. డోలు ఎక్కడికీ పోలేదు, పెట్టెలో మోగుతూనే ఉంది. నీ చెవే దాన్ని లోపలికి రానివ్వదు." అందుకని శబ్దం తగ్గించిన కొద్దీ కింది స్వరాలని కాస్త పైకెత్తే ఏర్పాటు పెట్టెలో ఉండేది. ఎంత ఎత్తాలన్నది కొనేవాళ్లని బట్టి నేను నిర్ణయించేదాన్ని. వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, మీ ఇంట్లో ఎంత చప్పుడుతో వింటారో అంత దాకా వాల్యూం బిరడా మీరే తిప్పండి అనేవాళ్లం. మనుషులు నోటితో అబద్ధం చెప్పినా కళ్లు మూసుకుని బిరడా తిప్పేటప్పుడు చెప్పలేరు. గట్టిగా వింటామని గొప్పలు పోయినవాళ్లు గుసగుస దగ్గర ఆపేవాళ్లు.

రెండో పాఠం నాకు నచ్చలేదు. ఒకరోజు సారు జేబు రేడియో తెచ్చి పెళ్లి మేళం వినిపించాడు. డోలు వినిపిస్తోందా అన్నాడు. వినిపిస్తోందన్నాను. "ఈ స్పీకరు రూపాయి బిళ్లంత ఉంది. అంత లోతు మోత దీంట్లోంచి రాదు. రాలేదు కూడా. పైనుండే స్వరాలు విని, కింద ఉండాల్సిన దాన్ని నీ చెవి సొంతంగా పెట్టుకుంది" అన్నాడు. అంటే లేని డోలుని నేను విన్నాను. ఆయనకి అది తమాషా. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లాక, గోడ అవతలి నుంచి మా అత్త నన్ను తిడుతుంటే, ఇందులో ఆమె అన్నది ఎంత, నా చెవి కలిపింది ఎంత అని చాలాసేపు ఆలోచించాను.

ఆ పెద్దావిడ వచ్చింది ఎండాకాలం మొదట్లో. అరవై దాటి ఉంటాయి. ఉప్పల్ డిపో వెనక కొడుకు ఇంట్లో ఉంటుందట, మల్లాపూర్ మీదుగా ఆటోలో వచ్చానంది. కొంగులో చుట్టిన క్యాసెట్ ఒకటి తీసి నా బల్ల మీద పెట్టింది.

"బిడ్డా, గీ టేపుల మా ఆయన ఉన్నడు. కని ఆయన గాదు."

"ఆయన గాదంటే ఏందమ్మా?"

"అందరు ఆయన గొంతే అంటరు. నా కొడుకు గూడ మా నాయిననే అంటడు. నాకే పరాయోని లెక్క ఇనవడ్తది. రోజు పగటీలి పెట్టుకుంట. ఎవడో తెల్వని మొగోడు నా అర్రల గూసోని, తిన్నవా అని అడుగుతున్నట్టుంటది. భయమైతుంది బిడ్డా. గీ ఒక్క టేపే ఉన్నది. గిండ్ల గూడ ఆయన లేకపోతే ఇంగెక్కడ లేనట్టే."

ఆయన దారం మిల్లులో పనిచేసేవాడట. ఒకరోజు కొత్త టేప్‌రికార్డర్ కొని తెచ్చి, మంచం మీద పడుకుని, దాన్ని ఛాతీ మీద పెట్టుకుని మీట నొక్కి మాట్లాడాడు. పదిరోజులకి గుండె ఆగి పోయాడు. "ఇంగో వారం ముందుగాల తెస్తే బతికెటోడు అన్నడు దవాఖానల డాక్టరు. మనకెట్ల ఎరుకైతది బిడ్డా, ఏ గుర్తు లేకపాయె" అంది. ఆ చివరి మాట ఆమె రెండుసార్లు అంది. రెండోసారి నాతో కాదు.

టేపు పెట్టాను. నాలుగు నిమిషాల మాటలు. "ఏమే, ఎర్రలైటు ఎలిగింది, రికార్డైతున్నట్టున్నది" అంటాడు. ఏదో పాట అందుకుని మధ్యలో మరిచిపోయి నవ్వుతాడు. "ఇయ్యాల ఎందుకో ఆకలైతలేదు" అంటాడు. దూరం నుంచి, వంటింట్లోంచి కాబోలు, ఆమె గొంతు: "గ్యాసు పట్టుంటది. వాము నీళ్లిస్త తాగు." ఆయన మళ్లీ నవ్వుతాడు. "తిన్నవా నువ్వు?" అని అడుగుతాడు. అంతే. నాకు ఆ గొంతులో లోపమేమీ కనిపించలేదు. మిల్లుల్లో పనిచేసేవాళ్లు మాట్లాడే తీరులోనే గట్టిగా, ఛాతీలోంచి మాట్లాడుతున్నాడు.

అప్పుడు ఆమెని కళ్లు మూసుకుని బిరడా తిప్పమన్నాను. ఎంత తగ్గించిందంటే నేను బల్ల మీదికి వంగాల్సి వచ్చింది. "మనుమడు ముందర అర్రల ఎంసెట్‌కు సదువుతుండు, గందుకే గింతే పెట్టుకుంట" అంది. నాకు సంగతి తెలిసిపోయింది. నలభై ఏళ్లు గట్టిగా విన్న మనిషిని ఆమె ఇప్పుడు గుసగుసగా వింటోంది. అంత చిన్న చప్పుడులో ఆయన ఛాతీ మాయమై, పెదాలూ ముక్కూ మాత్రం మిగులుతున్నాయి. పరాయివాడు కాక మరేమవుతాడు. జబ్బు దొరికితే వైద్యుడికి కలిగే సంతోషం నాకు కలిగింది.

ఆమె టేప్‌రికార్డరుకి తగిలించుకునేలా, స్పీకరున్న చిన్న పెట్టె ఒకటి చేయించాను. ఆమె తిప్పిన చప్పుడు దగ్గరే కింది స్వరాలు బాగా పైకెత్తాను. ఇంకాస్త, ఇంకాస్త అనిపించి ఇంకాస్త ఎత్తాను. ఆమె మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. టేపు మొదలైంది. ఆమె చెయ్యి దానంతట అదే లేచి కొంగు తలమీదికి లాక్కుంది. ఇంట్లోకి ఆయన వచ్చినప్పుడు అలా లాక్కునేదేమో. "గిదే. గిదే ఆయన" అంది. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

రెండు వారాలకి తిరిగొచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. పెట్టె, రికార్డరు, క్యాసెట్ మూడూ సంచిలో తెచ్చింది.

"ఆయనొచ్చిండు బిడ్డా. ఆయనతోటి ఇంకొకలు గూడ వచ్చిన్రు."

ఎవరో నడుస్తున్నారట. ఆయన మాట్లాడినంతసేపూ, మాటల కింద, ధబ్ ధబ్ మని అడుగులు. దగ్గరికి రారు, దూరం పోరు. ఆ రోజు ఇంట్లో వాళ్లిద్దరే ఉన్నారు, ఆమె వంటింట్లో కదలకుండా ఉంది. మరి ఆ నడిచేది ఎవరని ఆమె ప్రశ్న. మీ ఇంటి పైన ఎవరన్నా నడుస్తున్నరేమో అన్నాను. "పైన ఎవలుంటరు, రేకులే గద" అంది.

నేను టేపు పెట్టి విన్నాను. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నాను. అడుగులూ లేవు, గిడుగులూ లేవు. పెద్దతనం, ఒంటరితనం, మనసు అలా చేస్తుందని నాలో నేను అనుకున్నాను. పెట్టె ఇక్కడ వదిలిపెట్టి వెళ్లమని మాత్రం చెప్పాను. వెళ్తూ వెళ్తూ ఆమె గుమ్మం దగ్గర ఆగి, "రాత్రి గాదు బిడ్డా, పట్టపగలు ఇనవడ్తది" అంది.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీలకి వారంలో ఒకరోజు కరెంటు ఉండేది కాదు. పవర్ హాలిడే అనేవాళ్లు. ఆ రోజు నాచారం ఎలా ఉండేదో అక్కడ లేనివాళ్లకి చెప్పడం కష్టం. మామూలు పగలే, ఎండ అలాగే ఉంటుంది, రోడ్డు మీద కుక్కలు అలాగే పడుకుని ఉంటాయి, కానీ చప్పుడు ఉండదు. గేట్లు మూసిన షెడ్ల మధ్య నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకంటే వెనక వస్తున్నట్టుండేది. రోడ్డు కొసన ఎవరో దగ్గితే పక్కనే దగ్గినట్టుండేది. సాధారణంగా ఆ రోజు మాకు సెలవు. ఆ వారం మాత్రం నేను సారుని తాళం అడిగి తెచ్చుకుని ఒంటరిగా వెళ్లాను. కారు బ్యాటరీకి పెట్టె తగిలించి, ఆమె తిప్పిన చోటికే బిరడా తిప్పి, టేపు పెట్టాను.

"ఏమే, ఎర్రలైటు ఎలిగింది" అన్నాడాయన. దాని కింద ధబ్, ధబ్.

నేను వెనక్కి తిరిగి చూశాను. షెడ్డులో ఎవరూ లేరు. తలుపు నేను వేసినట్టే ఉంది. టేపు ఆపాను. అడుగులు ఆగాయి. మళ్లీ పెట్టాను. మళ్లీ నడక.

అప్పుడు నా తప్పేమిటో తెలిసి, భయం కంటే ముందు సిగ్గు వేసింది. ఎడమ పక్క షెడ్డు గుర్రు నాకు వినిపించడం మానేసి ఏళ్లయింది. నేను వినకపోయినా అది నా చెవిలో కింది వాటా అంతా ఆక్రమించుకుని కూర్చుంది. అందుకే ఎంత ఎత్తినా నాకు చాలలేదు, ఇంకాస్త ఇంకాస్త అనుకుంటూ ఎత్తాను. ఆ గుర్రు లేని ఆమె గదిలో అదంతా పొంగి పైకొచ్చింది. సారు మొదటి నుంచీ చెప్పేవాడు, అసలు సర్దుబాటు సెలవు రోజున చెయ్యమ్మా, లేదంటే కనీసం చెవుల్లో దూది పెట్టుకుని పావుగంట కూర్చుని మొదలుపెట్టమ్మా అని. మొదట్లో చేశాను. తర్వాత, నా చెవికి దూది ఎందుకులే అనుకున్నాను.

మరి ఆ నడిచేది ఎవరు? నాలుగోసారి వింటున్నప్పుడు తెలిసింది. ఆయన నవ్విన చోట అడుగులు వేగం అందుకుంటున్నాయి. నవ్వు ఆగాక నెమ్మదిస్తున్నాయి. రికార్డరు ఛాతీ మీద పెట్టుకున్నాడని ఆమె చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. పట్టపగలు, ఖాళీ షెడ్డులో, చనిపోయిన మనిషి గుండె నా బల్ల మీద కొట్టుకుంటోంది.

అంతటితో అయిపోతే బాగుండేది. నా చెవి ఊరుకోదు కదా. "ఆకలైతలేదు" అన్న మాట తర్వాత మూడు దెబ్బలు పడి, ఒకటి పడలేదు. ఆ ఖాళీ తర్వాత రెండు దెబ్బలు తత్తరపడుతూ పడ్డాయి. మళ్లీ మామూలు. కొంచెంసేపటికి ఇంకో ఖాళీ. ఆ నాలుగు నిమిషాల్లో అలా ఏడుసార్లు తప్పింది. దాని మీదనే వంటింట్లోంచి ఆమె గొంతు, వాము నీళ్లిస్త తాగు అని. ఏ గుర్తు లేకపాయె అని ఆమె రెండుసార్లు అన్న గుర్తు ఇదిగో, నా చేతిలో ఉంది. ఇది ఆమెకి తెలిస్తే, మిగిలిన బతుకంతా ఆ వాము నీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చుంటుంది. బయటికొచ్చి గేటు దగ్గర ఎండలో చాలాసేపు నిలబడ్డాను.

తీసేద్దామనుకున్నాను. కానీ ఆయన ఛాతీ, ఆయన గుండె, స్వరాల్లో ఇరుగుపొరుగు ఇళ్లు. గుండెని పూర్తిగా కోసేస్తే గొంతు మళ్లీ పరాయివాడిదవుతుంది. రెండు పవర్ హాలిడేలు ఆ పని మీదే కూర్చున్నాను. గుండె ఉన్న వాటా మొత్తం కోసి, దాని పైన గొంతు మొదలయ్యే చోట కొంచెం ఎత్తి, అలా సీడీ చేశాను. గొంతు కాస్త పలచబడింది కానీ మనిషి ఆయనే. మాటల మధ్య ఖాళీల్లో, చప్పుడు కొలిచే సూది మీటరు సున్నా మీద పడుకుంది. పెట్టెనీ ఈసారి దూది పెట్టుకుని కూర్చుని, సరైన చోట సర్దాను.

ఆమె వచ్చినప్పుడు, "రికార్డర్ల మోటరు సప్పుడమ్మా అది. తీసేసిన" అన్నాను. కుర్చీలో కూర్చోబెట్టి వినిపిస్తే తల ఊపింది. కొడుకు సీడీ ప్లేయరు కొన్నాడట, దానికే పెట్టె తగిలించుకుంటానంది. క్యాసెట్ తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఇంట్ల పోరగాండ్లు రిబ్బను గుంజి పారేస్తరు. నీ తాననే ఉండనీ బిడ్డా. నువ్వైతే పయిలంగ దాస్తవు."

సొరుగులో పెట్టాను. వారం రోజులు సొరుగు తెరిచినప్పుడల్లా అది కనిపించేది. మా షెడ్డులో ఒక అలవాటు ఉండేది. సీడీ చేయించుకున్నవాళ్లు ఇక మాకెందుకని వదిలేసిపోయిన క్యాసెట్ల మీద, పెట్టెలు పరీక్షించడానికి వాడే ఈల చప్పుడు ఎక్కించుకునేవాళ్లం. ఒకే స్వరం, గంటసేపు, కూ అని. ఒక మధ్యాహ్నం అందరూ అన్నానికి లేచాక నేను ఆమె క్యాసెట్ తీసి యంత్రంలో పెట్టి, దాని మీద ఈల ఎక్కించాను. రెండు చక్రాలూ తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు, సారుకి కూడా. ఆమె మంచికే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. రెండో సగం ఏమిటంటే, ఆ చప్పుడు పైకి తేలింది నా పొరపాటు వల్ల. అది లోకంలో లేకుండా పోతే నా పొరపాటూ లేకుండా పోతుంది.

ఏడాది దాకా ఆమె రాలేదు. అవి ఉద్యమం రోజులు. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో. సారు ఉప్పల్ చౌరస్తాలో ఆగిపోయి రెండేసి గంటలు ఆలస్యంగా వచ్చేవాడు. "మీ రాష్ట్రం వచ్చేస్తే నన్ను పొమ్మంటారా ఏంటమ్మా" అని నవ్వుతూ అడిగేవాడు. "మీరు పోతే మాకు సూది మీటరు ఎవలు బాగుజేస్తరు సార్" అనేదాన్ని. పవర్ హాలిడేలు మాత్రం పెరిగాయి. అలాంటి ఒక సెలవు రోజే, నేను ఒంటరిగా పెట్టెలు సర్దుకుంటుంటే, బయట చెప్పుల చప్పుడు వినిపించింది. దూరం నుంచే, ఒక్కొక్క అడుగూ. ఆమె. ఒక చేతిలో స్టీలు డబ్బా, ఒక చేతిలో సంచి.

డబ్బాలో సర్వపిండి తెచ్చింది. నేను తినేదాకా మాట్లాడలేదు. తర్వాత అంది, "నీకు దండం బెట్టాలె బిడ్డా. ఆ సప్పుడు నువ్వు గంత మంచిగ జేసినవు."

"తీసేసిన గదమ్మా."

"తీసేసినవు, గా మోటరుదేదో. అది పోయినంకనే ఇది తేటగ ఇనవడ్డది. మొదట నడుస్తున్నరని భయపడితి, యెడ్డిదాన్ని. ఒకనాడు పెట్టె పక్కల పెట్టుకొని, దాని మీద చెవి బెట్టి ఒరిగిన. గప్పుడు ఎరుకైంది. గది ఆయన గుండె."

సీడీ ఉందా అని అడిగాను. సంచిలో పెట్టెతో సహా తెచ్చింది. బ్యాటరీకి తగిలించాను. మీటరు నా వైపు తిప్పుకున్నాను. కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని, ఆమె పెట్టె మీద చెవి ఆనించి కళ్లు మూసుకుంది.

ఆయన మాట్లాడాడు. మాటకీ మాటకీ మధ్య సూది సున్నాకి పడిపోయింది, ఒక్క వెంట్రుక వాసి కదల్లేదు. కరెంటు లేని నాచారంలో, ఆ నిశ్శబ్దంలో, ఆ పెట్టెలో మాటలు తప్ప ఏమీ లేవు. కానీ ఆమె చూపుడు వేలు బల్ల మీద కొడుతోంది. ధబ్, ధబ్. ఆయన నవ్వితే వేలు వేగం అందుకుంది. నవ్వు ఆగితే నెమ్మదించింది. సారు జేబు రేడియో నాకు గుర్తొచ్చింది. లేనిదాన్ని చెవే సొంతంగా పెట్టుకుంటుంది, అంతే కదా, నెమ్మదించు అని నాకు నేను చెప్పుకున్నాను.

"ఇయ్యాల ఎందుకో ఆకలైతలేదు" అన్నాడాయన.

ఆమె వేలు మూడుసార్లు కొట్టి, గాలిలో ఆగింది. తర్వాత తత్తరగా రెండుసార్లు కొట్టింది.

నేను ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు. ఎక్కడా రాయలేదు. అది ఉన్న టేపు మీద ఇప్పుడు ఈల ఉంది. మిగిలిన ఆరు ఖాళీల దగ్గరా ఆమె వేలు ఆగింది. ఒక్కటి కూడా తప్పలేదు.

"గీ ఆగుడు సూసినవా?" కళ్లు తెరవకుండానే అంది. "లగ్గమైన కాడ్నుంచి గంతే ఆయనకు. ఎగిరి ఎగిరి కొట్టుకునేది. పక్కల పండుకుంటే నాకు మస్తు నవ్వొచ్చేది. గా డాక్టరుకు గూడ జెప్పిన. గట్ల శానమందికి ఉంటదన్నడు, దానికీ దీనికీ సంబంధం లేదన్నడు."

ఏ గుర్తుకి భయపడి నేను అంత పని చేశానో, అది ఆమెకి నలభై ఏళ్ల నుంచి తెలిసిన సంగతి. ఆమె మంచం మీద, ఆమె చెవి కింద కొట్టుకున్న సంగతి. దాన్ని ఆమె దగ్గర దాచడానికి నేనెవర్ని? ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"అమ్మా, అది దాంట్ల లేదు. నేను తీసేసిన. గుండె అని ఎరుకయ్యే తీసేసిన. నువ్వు బాధపడ్తవని. క్యాసెట్ గూడ చెరిపేసిన. ఇప్పుడు ఎక్కడా లేదు."

ఆమె కళ్లు తెరిచింది. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, తిన్నవా నువ్వు అని అడుగుతున్నాడు. క్యాసెట్ అన్న మాటకి ఆమె మొహం ఒక్క క్షణం బిగుసుకుంది. బల్ల మీది చెయ్యి వెనక్కి తీసుకుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. చాలాసేపు నా మొహం చూసింది. తర్వాత ఆ చూపు నెమ్మదిగా నా చెవుల మీదికి జరిగింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"నీకు ఇనవడ్తలేదా బిడ్డా?" అంది.

నేను తల అడ్డంగా ఊపాను.

"మిషిన్ల కాడ పనిజేస్తే గంతే. మా ఆయనకు గూడ గట్లనే పోయినయి చెవులు. గింత చిన్న వయసుల నీకు..." అని ఆగి, డబ్బాలో మిగిలిన సర్వపిండి నా వైపు జరిపి, పెట్టె సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ ఖాళీ రోడ్డు మీద ఆమె చెప్పుల చప్పుడు మలుపు తిరిగేదాకా విన్నాను.

ఆమె మళ్లీ రాలేదు. నేనూ ఉప్పల్ డిపో వెనక్కి వెళ్లి వెతకలేదు, ధైర్యం చాలలేదు. తర్వాత రాష్ట్రం వచ్చింది. పవర్ హాలిడేలు పోయాయి. ఎడమ పక్క షెడ్డు, కుడి పక్క షెడ్డు ఆగకుండా నడిచాయి, పనులు పెరిగాయి, అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను, నా కారణాలు నాకున్నాయి.

ఒక్కసారి మాత్రం, ఆ తర్వాతి ఏడాది వానల్లో, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి వాడ మొత్తం ఒక్కసారిగా ఆగిపోయింది. మధ్యాహ్నం మూడు గంటలు. వరసలో ఉన్నవాళ్లు చాయ్ తాగడానికి బయటికెళ్లారు. నేను చివరి బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్నాను. బల్ల మీద ఏ పెట్టే లేదు. అలాంటి నిశ్శబ్దంలో ముందు మన గుండే మనకి వినిపిస్తుందని సారు ఒకప్పుడు చెప్పాడు. అదే అయి ఉంటుందనుకుని వింటూ కూర్చున్నాను. మూడు దెబ్బలు. ఖాళీ. తత్తరగా రెండు.

నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. నాది ఎక్కడా ఆగకుండా కొట్టుకుంటోంది.